నూరేళ్ళ విషజ్వరాల చరిత్ర – రిజిస్టర్లు చెప్పే పాఠాలు

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి వ్రాసి పంపమని మన సంఘం కార్యదర్శి గారు కోరారు. ఇలాంటి సంచికల్లో సాధారణంగా వేతన సవరణ సంఘాల చరిత్ర, డి.ఎ. బకాయిల చరిత్ర వస్తుంటాయి. వాటిని గురించి నాకంటె సాధికారంగా వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను సర్వీసులో ఎక్కువ కాలం రికార్డు రూములోనూ, జనన మరణాల సెక్షనులోనూ గుమాస్తాగా గడిపినవాణ్ణి. కనుక నాకు తెలిసిన దారిలోనే వెళ్ళి, దగ్గు తుమ్ముల ద్వారా ఒకరి నుంచి మరొకరికి అంటుకొనే జ్వరాల చరిత్రను, వాటిని మన కాగితాలు ఎలా నమోదు చేశాయన్న సంగతిని, మన వయసు వారు ఇందులో గ్రహించవలసిన విషయాలను మనవి చేసుకుంటాను. ఇది కేవలం పాత కథ కాదు. మన సంఘం సంతాప తీర్మానాల పుస్తకం తిరగేసిన వారికి ఆ మాట నేను వేరే చెప్పనక్కరలేదు.

కాళయుక్తి నాటి జ్వరం

మొదటి ప్రపంచ యుద్ధం చివరి దశలో, 1918 జూన్ నెలలో ఈ జ్వరం ఓడల మీద బొంబాయి రేవులో దిగింది. ముందుగా రేవులో కాపలా కాసే పోలీసు సిపాయిలు జబ్బుపడ్డారు. తర్వాత మిల్లు కార్మికులు, గుమాస్తాలు, ఇళ్ళల్లో ఆడవాళ్ళు పడకేశారు. లోకమంతా దీనికి 'స్పానిష్ ఫ్లూ' అని పేరు పెట్టింది గాని ఇది స్పెయిన్‌లో పుట్టిన జబ్బు కాదు. యుద్ధం చేస్తున్న దేశాల్లో పత్రికల మీద సెన్సారు ఉండేది. సైనికులు జబ్బుపడ్డారని వ్రాయనిచ్చేవారు కారు. స్పెయిన్ తటస్థ దేశం కాబట్టి అక్కడి పత్రికలు ఉన్నదున్నట్లు వ్రాశాయి, రాజుగారికి జ్వరం వచ్చిన సంగతితో సహా. నిజం చెప్పిన పాపానికి ఆ దేశం పేరే జబ్బుకు అంటుకొంది.

మొదటి విడత అంత ప్రాణాంతకంగా లేదు. జనం మూడు రోజుల జ్వరమనుకొని తేలిగ్గా తీసుకున్నారు. సెప్టెంబరులో రెండవ విడత వచ్చింది. అది వేరే జబ్బులాగా వచ్చింది. రైళ్ళ వెంట, ఇళ్ళకు తిరిగి వచ్చే సైనికుల వెంట, తపాలా బంగీల వెంట అది దేశమంతా పాకింది. అక్టోబరు, నవంబరు నెలల్లో, అంటే దసరాకూ దీపావళికీ అటూ ఇటూగా, ఉధృతంగా సాగింది. ఆ ఏడు వానలు లేవు. పంటలు పోయాయి. యుద్ధం వల్ల ధరలు ఆకాశాన్నంటాయి. అర్ధాకలి మీద ఉన్న ఒళ్ళకు ఈ జ్వరం తోడైంది.

మామూలు జ్వరాలు ముసలివాళ్ళనూ పసివాళ్ళనూ తీసుకుపోతాయి. ఈ జ్వరం ఇరవై నుంచి నలభై ఏళ్ళ లోపు వారిని కూడా పెద్ద సంఖ్యలో తీసుకుపోయింది. మన దేశంలో మగవారికంటె ఆడవారు ఎక్కువమంది పోయారు. గాలి ఆడని గదుల్లో రోగులకు సేవ చేసింది వారే, ఇంట్లో అందరి తర్వాత మిగిలింది తిన్నదీ వారే. జ్వరం వచ్చిన నాలుగైదు రోజులకు ఊపిరితిత్తులు కఫంతో నిండిపోయి, పెదవులు నీలంగా మారి ప్రాణం పోయేది.

మా నాయనమ్మకు అప్పుడు పదేళ్ళు. ఆమె ఇంగ్లీషు సంవత్సరం ఎరగదు, 'కాళయుక్తి నాటి జ్వరం' అనేది. ఇంట్లో ఏడుగురూ ఒకేసారి పడకేస్తే, ఎదురింటి ముసలమ్మ పూటపూటా గంజి కాచి, ఒక ముంతలో ఉప్పు వేసి, గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళేదట. ఆ ఏడుగురిలో అయిదుగురు బతికారు. పక్క వీధిలో చూసేవారు లేని ఒక ఇంట్లో ఒక్కరూ మిగల్లేదు. 'మందు ఎవరినీ బతికించలేదురా, గంజి బతికించింది' అని మా నాయనమ్మ మాట. నేను తర్వాత చదివిన పుస్తకాల్లోనూ ఆ మాటే వేరే భాషలో కనిపించింది. ఆనాటికి ఈ జబ్బుకు మందు లేదు. రోగికి నీళ్ళు, ఆహారం, విశ్రాంతి అందించే మనిషి ఉన్నాడా లేడా అన్నదే చాలా ఇళ్ళల్లో చావు బతుకులను నిర్ణయించింది.

మందు మాట అటుంచి, జబ్బుకు కారణమేమిటో కూడా అప్పటికి తెలియదు. 1892లో ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఒక బాక్టీరియాను చూపి, ఇదే ఇన్‌ఫ్లూయెంజా క్రిమి అన్నాడు. 1918లో డాక్టర్లు ఆ మాటే నమ్మి, లేని దొంగ కోసం వెదికారు. అసలు కారణం బాక్టీరియా కంటె చాలా చిన్నదైన వైరస్ అని, మనిషి నుంచి దాన్ని వేరు చేసి నిరూపించింది 1933లో, లండన్‌లో స్మిత్, ఆండ్రూస్, లేడ్లా అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు. అంటే కోట్ల మందిని చంపిన హంతకుడి ఆచూకీ పదిహేనేళ్ళ తర్వాత దొరికిందన్నమాట.

'జ్వరం – సదరు – సదరు'

ఎంతమంది పోయారు? ఇక్కడికి వచ్చేసరికి ఇది గుమాస్తాల కథ అవుతుంది.

మద్రాసు రాజధానిలోని మన జిల్లాల్లో ఊరి జనన మరణాల లెక్క గ్రామాధికారి చేతిలో ఉండేది. మరణ కారణానికి ఒక కాలమ్ ఉండేది. కలరా, మశూచి, ప్లేగు, జ్వరాలు, విరేచనాలు, శ్వాసకోశ వ్యాధులు, దెబ్బలు, ఇతరములు - ఇంతే తరగతులు. ఇన్‌ఫ్లూయెంజాకు ప్రత్యేకం కాలమ్ లేదు. కనుక ఆ చావుల్లో అధిక భాగం 'జ్వరాలు' అన్న పద్దులో కలిసిపోయింది. నేనొక తాలూకా ఆఫీసులో పనిచేసే రోజుల్లో, చెదలు తిన్నంత తిని మిగిల్చిన పాత రిజిస్టర్లను వరుసలో పెట్టే పని నాకు అప్పగించారు. 1918 అక్టోబరు పేజీల్లో కారణం కాలమ్ కింద మొదటి వరుసలో 'జ్వరం', ఆ కింద పేజీ చివరి దాకా 'సదరు', 'సదరు', 'సదరు' అని ఉంది. కొన్ని ఊళ్ళకు ఆ నెల పేజీలే ఖాళీ. ఆ ఊళ్ళో ఎవరూ చావలేదని దాని అర్థం కాదు. వ్రాయవలసిన మనిషే మంచం మీద ఉన్నాడన్నమాట.

ఈ కారణంగానే లెక్కలు కుదరలేదు. ఆనాటి ప్రభుత్వ శానిటరీ కమిషనరు మొదటి అంచనాలో దేశం మొత్తం మీద సుమారు 60 లక్షల మంది చనిపోయారన్నారు. తర్వాతి పరిశోధకులు జనాభా లెక్కలతో సరిచూసి, ఒక కోటీ ఇరవై లక్షల నుంచి ఒక కోటీ ఎనభై లక్షల దాకా ఉంటుందని అంచనా వేశారు. మహాయుద్ధంలో అన్ని దేశాల సైనికులూ కలిసి ఎందరు పోయారో, ఒక్క మన దేశంలోనే ఈ జ్వరానికి ఆ స్థాయిలో పోయారు.

1921 సెన్సస్ ఈ రహస్యాన్ని బయటపెట్టింది. భారతదేశ జనాభా లెక్కల చరిత్రలో పదేళ్ళ కాలానికి జనాభా తగ్గింది ఆ ఒక్కసారే. మనవరకు చూసుకుంటే, తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌గా ఏర్పడిన భూభాగంలో 1911లో 2,14,47,412 మంది ఉండగా, 1921లో 2,14,20,448 మంది ఉన్నారు. అంతకు ముందు పదేళ్ళలో నూటికి పన్నెండు చొప్పున పెరిగిన జనాభా ఇది. నిజాం సంస్థానంలో ఇంకా ఘోరం. 1911లో కోటీ ముప్ఫయి మూడు లక్షలకు పైగా ఉన్న జనం, 1921కి కోటీ ఇరవై నాలుగు లక్షల చిల్లరకు దిగారు. ప్లేగు, కరవు కూడా ఇందులో పాలు పంచుకున్నాయి గాని పెద్ద వాటా ఈ జ్వరానిదే. రిజిస్టరులో పడని మనుషులు పదేళ్ళకొకసారి వచ్చే సెన్సస్‌లో లోటుగా కనిపించారు. పేరు లేదు, ఊరు లేదు, కూడికలో తగ్గుదల మాత్రం ఉంది.

ముక్కుకు గుడ్డ – ఒక డాక్టరు కథ

ముఖానికి మాస్కు 2020లో పుట్టిందని మన పిల్లలు అనుకుంటారు. దాని కథ ఇంకా పాతది. 1910-11 శీతకాలంలో చైనాకు ఉత్తరాన మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు చెలరేగింది. అది వైరస్ కాదు, బాక్టీరియా. అయితే అంటుకొనే దారి మాత్రం ఊపిరే. పెనాంగులో పుట్టి కేంబ్రిడ్జిలో చదివిన వూ లియెన్-తే అనే యువ డాక్టరును చైనా ప్రభుత్వం అక్కడికి పంపింది. ఇది ఎలుకల వల్ల కాదు, మనిషి ఊపిరి వల్ల మనిషికి అంటుకొంటున్నదని ఆయన గ్రహించి, పలుచని గుడ్డ మడతల మధ్య దూది పెట్టి కుట్టిన మాస్కులు అందరూ కట్టుకోవాలన్నారు. మెస్నీ అనే అనుభవజ్ఞుడైన ఫ్రెంచి డాక్టరు ఆ మాటను తోసిపుచ్చి, మాస్కు లేకుండానే రోగులను చూశారు. కొద్ది రోజుల్లోనే ఆయన ఆ జబ్బుతోనే మరణించారు. ఆ తర్వాత మాస్కును కాదన్నవారు లేరు. సుమారు అరవై వేల మందిని బలిగొన్న ఆ ప్లేగు కొద్ది నెలల్లో అదుపులోకి వచ్చింది.

జన సమ్మర్దం ఎంత పని చేస్తుందో చెప్పడానికి 1918 నాటి అమెరికా నగరాలు రెండు చాలు. ఫిలడెల్ఫియాలో సెప్టెంబరు 28న యుద్ధ రుణాల కోసం పెద్ద ఊరేగింపు జరిపారు. సుమారు రెండు లక్షల మంది వీధుల్లో నిలబడ్డారు. కొద్ది రోజుల్లోనే ఆస్పత్రులు నిండిపోయాయి, శవాలను పూడ్చేవారు దొరకలేదు. సెయింట్ లూయిస్ నగరంలో అక్టోబరు మొదట్లోనే బడులు, సినిమా హాళ్ళు, చర్చిలు మూయించారు. అక్కడ మరణాల తీవ్రత చాలా తక్కువగా నమోదైంది. జబ్బు ఒకటే, దేశం ఒకటే. తేడా అల్లా ఉత్తర్వు వెలువడిన తేదీలో ఉంది. సకాలంలో సంతకం పడిన ఫైలు విలువ మనకంటె ఎవరికి బాగా తెలుసు?

1957, 2009, 2020

1957 మే నెలలో మరొక కొత్త ఫ్లూ సింగపూరు నుంచి ఓడలో మద్రాసు చేరింది. 'ఆసియా ఫ్లూ' అన్నారు. నాకు ఊహ తెలిసిన మొదటి మహమ్మారి అది. మా బడిలో సగం బల్లలు ఖాళీగా ఉండడం జ్ఞాపకం. కొద్ది నెలల్లో దేశంలో 44 లక్షలకు పైగా కేసులు నమోదయ్యాయి గాని, నమోదైన మరణాలు వేయి పైచిలుకు మాత్రమే. 1918తో పోలిస్తే ఆ వైరస్ అంత క్రూరమైనది కాదు. పైగా అప్పటికి పెన్సిలిన్ వంటి మందులు వచ్చాయి. అవి వైరస్‌ను చంపవు గాని, ఫ్లూ వెనకాలే వచ్చి ఊపిరితిత్తులను పట్టే బాక్టీరియాను చంపుతాయి. 1918లో చాలామందిని చంపింది ఆ రెండవ దెబ్బే.

2009 మే నెలలో స్వైన్ ఫ్లూ మన దేశంలో మొదట బయటపడింది హైదరాబాదులోనే, అమెరికా నుంచి వచ్చిన ఒక ప్రయాణికుడిలో. అంతకు ముందు తరాల వారికి అంటువ్యాధి అంటే గుర్తుకు వచ్చేది నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి. దాన్ని జనం 'కోరంటి దవాఖాన' అనేవారు. 'క్వారంటీన్' అనే దొరల మాట మన నోట్లో పడి 'కోరంటి' అయింది. రోగిని కొంత కాలం విడిగా ఉంచాలన్న సంగతి మనకు కొత్త కాదనడానికి ఆ పేరే సాక్ష్యం.

2020 సంగతి మీరందరూ అనుభవించినదే. జనవరి 30న కేరళలో మొదటి కేసు, మార్చి 2న తెలంగాణలో, 12న ఆంధ్రప్రదేశ్‌లో, మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. బొంబాయి ప్లేగు రోజుల్లో, 1897లో తెల్లదొరలు చేసిన అంటువ్యాధుల చట్టాన్నే దుమ్ము దులిపి మళ్ళీ వాడారు. 2021 జనవరి 16న టీకాలు మొదలై, అరవై దాటిన మనకు మార్చి 1 నుంచి వేశారు. రెండు నెలలు తిరగక ముందే రెండవ విడత విరుచుకుపడింది. 1918లో లాగే ఇప్పుడూ రెండవ విడతే ప్రాణాంతకమైంది.

మన సంఘం సంతాప తీర్మానాల పుస్తకంలో 2021 ఏప్రిల్, మే నెలల పేజీలు నేనే వ్రాశాను. మామూలుగా నెలకొక పేజీ సరిపోయేది. ఆ రెండు నెలలకు అదనపు కాగితాలు అంటించవలసి వచ్చింది. మరణ కారణం అడిగితే కొందరు కుటుంబ సభ్యులు 'గుండెపోటు' అన్నారు, కొందరు 'వయసు' అన్నారు. వీధిలో వాళ్ళు ఏమనుకుంటారో, దినకర్మకు ఎవరైనా వస్తారో రారో అన్న భయం వారిది. ఆ భయాన్ని నేను తప్పు పట్టను. అయితే వందేళ్ళ కింద 'సదరు' అని వ్రాసిన రిజిస్టరుకూ, ఈనాడు 'గుండెపోటు' అని వ్రాయించిన కాగితానికీ తేడా ఎంత?

దేశం లెక్క కూడా అలాగే ఉంది. ప్రభుత్వం నమోదు చేసిన కోవిడ్ మరణాలు 5 లక్షల 33 వేల పైచిలుకు. 2020, 2021 సంవత్సరాలకు కలిపి 47 లక్షల అదనపు మరణాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేస్తే, మన ప్రభుత్వం ఆ లెక్క కట్టిన పద్ధతిని ఆక్షేపించింది. 2025లో వెలువడిన రిజిస్ట్రేషన్ నివేదిక ప్రకారం 2020లో 81 లక్షల మరణాలు నమోదు కాగా, 2021లో ఒక కోటీ రెండు లక్షలు నమోదయ్యాయి. అన్నీ కోవిడ్ వల్లనే అని నేననను. ఒక్క ఏడాదిలో పెరిగిన ఇరవై లక్షల వరుసల వెనుక ఇరవై లక్షల ఇళ్ళున్నాయని మాత్రం అంటాను.

మనం పాటించవలసినవి

ఈ జబ్బులు అంటుకొనే తీరు మొదట తెలుసుకోవాలి. రోగి దగ్గినా, తుమ్మినా, గట్టిగా మాట్లాడినా నోటి నుంచి తుంపరలు పడతాయి. పెద్దవి కొద్ది అడుగుల్లో నేల రాలుతాయి. సన్నవి అగరువత్తి పొగలాగా మూసిన గదిలో చాలాసేపు తేలుతుంటాయి. 2020 తొలి నెలల్లో అందరూ చేతుల శుభ్రత మీదే ఎక్కువ దృష్టి పెట్టారు. గాలిలో తేలే కణాల పాత్ర తర్వాత స్పష్టమైంది. పొగ పోవడానికి మనం ఏం చేస్తామో వైరస్ పోవడానికీ అదే చేయాలి. అందుచేత నా మనవులు ఇవి:

1. మన సంఘం సమావేశాల్లో కిటికీలు, తలుపులు తెరిచి ఉంచాలి. ఏ.సి. హాలు గొప్పగా ఉంటుంది గాని, మూసిన హాలులో ఒకరి దగ్గు అందరిదీ అవుతుంది.

2. పడిశం, దగ్గు, జ్వరం ఉన్నవారు పెళ్ళికైనా, సమావేశానికైనా రాకపోవడమే మర్యాద. తప్పనిసరైతే మాస్కు కట్టుకోవాలి. ఆస్పత్రిలోనూ, రద్దీ బస్సులోనూ మనమే కట్టుకోవాలి. మాస్కు ముక్కును కూడా కప్పాలి. గడ్డం కింద ఉన్న మాస్కు జేబులో ఉన్న మాస్కుతో సమానం.

3. దగ్గేటప్పుడు మోచేయి అడ్డం పెట్టుకోవాలి. సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఎక్కడపడితే అక్కడ ఉమ్మడం మానాలి, మానిపించాలి.

4. ఫ్లూ టీకా ఏటేటా వేయించుకోవలసినది. వైరస్ ఏటా వేషం మారుస్తుంది కనుక నిరుటి టీకా ఈ ఏటికి చాలదు. షుగరు, గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు దీన్ని గురించి, న్యుమోనియా టీకా గురించి తమ డాక్టరును తప్పక అడగాలి.

5. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్‌లు మింగకండి. అవి వైరస్ మీద పనిచేయవు. ఫ్లూకు పనిచేసే మందు వేరే ఉంది. అది మొదటి రెండు రోజుల్లో మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం. అందుచేత వారం చూసి డాక్టరు దగ్గరికి వెళ్దామనుకోకండి.

6. మన వయసులో ఒక్కోసారి జ్వరం రాకుండానే జబ్బు ముదురుతుంది. ఆయాసం, ఛాతీ నొప్పి, మాట తడబాటు, ఉన్నట్టుండి మగతగా ఉండడం, పెదవులు నీలంగా మారడం - వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయరాదు. వేలికి పెట్టే ఆక్సిమీటరు ఇంట్లో ఉంచుకోండి. అంకె 94 కంటె తగ్గితే వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

7. లైఫ్ సర్టిఫికెట్ల కాలంలో వరుసల్లో నిలబడి జబ్బు తెచ్చుకోవద్దు. 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్ పద్ధతిలో ఇంటి నుంచే ఫోనులో పంపవచ్చు. చేతకాని వారికి మన సంఘం యువ పెన్షనర్లు సాయం చేయాలి.

ఒంటరిగా ఉండే మన సభ్యుల మాట ప్రత్యేకంగా చెప్పాలి. పిల్లలు విదేశాల్లో, ఇంట్లో ముసలి దంపతులిద్దరే అన్న ఇళ్ళు మన జాబితాలో ఎన్నో ఉన్నాయి. ఇద్దరూ ఒకేసారి జబ్బుపడితే గంజి కాచేదెవరు? వార్డుకొకరు చొప్పున బాధ్యత తీసుకొని, జబ్బుపడిన వారికి రోజుకు రెండుసార్లు ఫోను చేసి, భోజనం, మందులు గుమ్మం దగ్గర పెట్టి వచ్చే ఏర్పాటు ఈ సంవత్సరమే మొదలుపెట్టాలని ప్రతిపాదిస్తున్నాను. దీనికి నిధులు అక్కర్లేదు, ఒక జాబితా, ఒక పెన్ను చాలు.

2025 జనవరిలో హెచ్.ఎం.పి.వి. అనే పేరు వినగానే ఎందరో హడలిపోయారు. అది 2001లోనే గుర్తించిన వైరస్, అంతకు ముందు నుంచే ఉన్నది. పేరు కొత్తదైనంత మాత్రాన రోగం కొత్తది కాదు. రేపు నిజంగా కొత్తదే వచ్చినా అది వచ్చే దారి ఊపిరే. కనుక మనం అడ్డం పెట్టవలసినవీ ఇవే.

చివరగా ఒక గుమాస్తా విన్నపం. ఇంట్లో ఎవరైనా కాలం చేస్తే, 1969 నాటి చట్టం ప్రకారం ఇరవై ఒక్క రోజుల్లోగా నమోదు చేయించండి. కుటుంబ పెన్షనుకు ఆ కాగితం ఎలాగూ కావాలి. అంతకంటె ముఖ్యంగా, డాక్టరిచ్చే మరణ కారణ పత్రంలో ఉన్న కారణం ఉన్నట్లే పడేలా చూడండి. అంటువ్యాధితో పోవడం అపకీర్తి కాదు. దాన్ని దాచితే పక్కింటివారు జాగ్రత్తపడే అవకాశం పోతుంది, ప్రభుత్వం మందులు పంపవలసిన ఊరి పేరు మరుగునపడుతుంది. ఆ వరుస సరిగా నిండితే, పోయిన మనిషి కూడా బతికున్న వారికి ఒక మేలు చేసినట్లే.